మంచు బాగా పట్టింది

ముందే చెప్తున్నాను, ఇది గొప్ప చెప్పుకోవడానికి రాస్తున్నది కాదు. గొప్పలు నా దగ్గర వేరే ఉన్నాయి, అడిగితే గంటల తరబడి చెప్తాను. ఇది నేను చేసిన ఒక తప్పు గురించి. ఆ తప్పును నా చేతుల్లోంచి లాగేసుకోవాలని చాలామంది మంచివాళ్ళు ప్రయత్నించారు. నేను ఇవ్వలేదు. కొండల్లో ఉద్యోగానికి పోవాలనుకునే పిల్లలు ఈ మధ్య మా ఇంటికి వచ్చి సలహాలు అడుగుతున్నారు కాబట్టి, అందరికీ ఒకేసారి చెప్తే సరిపోతుందని కూర్చున్నాను.

నాది శావల్యాపురం దగ్గర ఒక పల్లె. అమ్మ మిరప కోతలకు వెళ్ళేది, నాన్న తాపీ మేస్త్రి. నరసరావుపేటలో డిగ్రీ చదివేటప్పుడు ఎన్.సి.సి.లో చేరాను, బూట్లు ఊరికే ఇస్తారని. పరుగులో ముందుండేదాన్ని కాబట్టి కొండలెక్కే శిక్షణకు హిమాలయాలకు పంపారు. అక్కడ మొదటిసారి కాళ్ళకు రెండు పొడుగాటి చెక్కలు బిగించి మంచు మీద వదిలారు. పడ్డాను, లేచాను, మళ్ళీ పడ్డాను. మా జట్టులో అందరికంటే ఎక్కువసార్లు పడింది నేనే, అందరికంటే ఆఖరున గదికి వెళ్ళింది కూడా నేనే.

ఊరికొచ్చి స్కీయింగే నా ఉద్యోగం అంటే మా మేనమామ పడీ పడీ నవ్వాడు. "ఎండకి తారు కరిగే ఊరిదానివి, నీకు మంచులో పనేందే?" అన్నాడు.

"మిరపకాయ పండని ఊరోళ్ళు కారం తినట్లా?" అన్నాను.

హిమాలయాల్లోనే కొన్నేళ్ళు శిక్షకురాలిగా చేశాను. అక్కడికి కొండలెక్కడానికి వచ్చిన ఒక జపాన్ పెద్దమనిషి నా పని చూసి, హొక్కైడో దీవిలో తాను నడిపే గైడ్ల బృందంలోకి రమ్మన్నాడు. ఆయన్ని ఇక్కడ పెద్దాయన అంటాను. పేర్లు ఎవరివీ రాయను. రెండు చలికాలాలు, కొండ మీద కాపలా కాసి పడ్డవాళ్ళను కాపాడే పాట్రోల్ వాళ్ళతో తాళ్ళు కట్టి, స్తంభాలు పాతి, పరీక్షలు రాసి గైడ్ కార్డు సంపాదించాను. మా ఊరి నుంచి ఆ కార్డు మెడలో వేసుకున్నది ఇంకెవరూ లేరు. ఇదొక్కటి గొప్పగా చెప్పుకోనివ్వండి.

పని ఏమిటంటే ఇది. స్కీ రిసార్టులో యంత్రంతో తొక్కి చదును చేసిన దారులుంటాయి. మామూలు జనం వాటి మీదే జారతారు. ఆ దారులకు కట్టిన తాడు దాటితే ఎవరూ తొక్కని కొండ. సముద్రం మీంచి వచ్చే చలిగాలికి అక్కడ పడే మంచు పొడిగా, జల్లెడ పట్టిన బియ్యప్పిండిలా ఉంటుంది. తొడల లోతు ఉన్నా కాలికి బరువు తెలియదు. దాని కోసమే ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు. ఆ కొండ మీదికి గైడ్ లేకుండా పోకూడదు. ముందు గైడ్ జారుతుంది, కింద క్షేమమైన చోటు చూసుకుని ఆగుతుంది, అక్కడి నుంచి రేడియోలో చెప్తే పైనున్నవాళ్ళు ఒక్కొక్కరే వస్తారు. పైన చివరి గైడ్ నిలబడి వాళ్ళను వదులుతుంది.

ఆ రేడియోలో పెద్దాయన రెండే మాటలు ఒప్పుకునేవాడు. 'హోల్డ్' అంటే ఉన్నచోటే ఉండు. 'క్లియర్' అంటే ఒక్కరు రండి. ఏ దేశంవాళ్ళు వచ్చినా ఆ రెండు మాటలే ముందు నేర్పాలి. మూడో మాట వాడిన గైడ్ ఆ సాయంత్రం అందరి టీ కప్పులూ కడగాలి. నాకు మూడో మాట ఎప్పుడూ నాలుక చివరే ఉంటుంది కాబట్టి కప్పులు నేనే ఎక్కువగా కడిగాను. నాతో పాటు చివరి గైడ్‌గా నిలబడేది ఒక యాభయ్యేళ్ళ జపాన్ ఆవిడ. గైడ్ కాకముందు ఆస్పత్రిలో నర్సుగా చేసిందట. మనసులో ఆవిడకు నర్సక్క అని పేరు పెట్టుకున్నాను. ఆవిడ రోజు మొత్తంలో ఆ రెండు మాటలు తప్ప ఇంకో పది మాటలు మాట్లాడేదేమో.

ఏడు చలికాలాల్లో ఆ కొండ మీద నేను తెలుగు మాట్లాడింది నాతో నేనే. పడ్డప్పుడు తిట్టుకోవడానికి, తీగ మీద కొండెక్కించే లిఫ్టులో ఒంటరిగా ఉన్నప్పుడు ఏదో ఒకటి గొణుక్కోవడానికి. ఎనిమిదో చలికాలం, హైదరాబాదు టూర్ కంపెనీ ద్వారా ఇద్దరు తెలుగువాళ్ళు వస్తున్నారని పెద్దాయన చెప్పాడు. తండ్రీ కూతురూ. ఊరు చదవలేక కాగితం నాకిచ్చాడు. నరసరావుపేట అని ఉంది. అక్కడే గంతేశాను.

తండ్రికి పేటలో పత్తి మిల్లు, అక్కడ అందరూ షావుకారు గారంటారు. యాభై దాటిన మనిషి, గట్టి కాళ్ళు, ఇంకా గట్టి గొంతు. "షుగరొచ్చింది, డాక్టరు నడవమన్నాడు. నడక నాకు బోరు కొట్టిందమ్మాయ్. మా పాప కాశ్మీరులో జారడం నేర్చుకుంటంటే నేనూ చేరా," అన్నాడు. నాలుగు చలికాలాలు కాశ్మీరులో సాధన చేశాడు. నిజంగా బాగా జారేవాడు. కూతురికి ఇరవై మూడు, ఇరవై నాలుగు ఉంటాయి, ఆయనకంటే బాగా జారేది. ఆయనకు నచ్చని సంగతి అదొక్కటే.

నేను తెలుగులో మాట్లాడేసరికి మొదటిరోజే ఆయన మొదలుపెట్టాడు. "మీదే ఊరు?" చెప్పాను. "ఆ ఊళ్ళో ఎవరి తాలూకు?" అన్నాడు. ఆ ప్రశ్నకు అర్థం మనందరికీ తెలుసు. "చర్చి వెనకాల ఇల్లండీ, తాపీ మేస్త్రి కూతుర్ని," అన్నాను. ఆయన ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణాన్ని నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను, కొలవడం కూడా వచ్చు. తర్వాత నవ్వి, "సార్ గీర్ అనమాక. అన్నా అను. నువ్వు నాకు చెల్లెలివి," అన్నాడు. కూతురు వెంటనే "అయితే నాకు అత్త," అంది.

పేటలో అయితే ఆ మాట ఆయన నోటి వెంట వచ్చేదా అంటే, ఏమో. అయినా నాకు సంతోషం వేసింది. దాచుకోను, చాలా సంతోషం వేసింది. ఏడేళ్ళుగా ఎవరూ పిలవని వరసలో ఎవరో పిలిచారు. ఆ రాత్రి పెద్దాయనతో వాదన పెట్టుకున్నాను. ఫ్రెంచివాళ్ళొస్తే ఫ్రెంచి గైడ్లు ఫ్రెంచిలో మాట్లాడుతున్నారు కదా, నేను మా వాళ్ళతో తెలుగు మాట్లాడితే తప్పేమిటన్నాను.

"నీ ఇష్టమొచ్చిన భాష మాట్లాడు," అన్నాడు పెద్దాయన. "రేడియోలో మాత్రం రెండు మాటలు."

"తెలుసు."

"నీకు తెలుసని నాకు తెలుసు. అందుకే మళ్ళీ చెప్తున్నాను."

మూడోరోజు తాడు దాటి పెద్ద కొండ మీదికి తీసుకెళ్ళాను. తెలుగువాళ్ళు కాబట్టి ఒక రేడియో షావుకారు గారి ఛాతీకి కట్టాను, నర్సక్క దగ్గర ఇంకొకటి. మొదటి రెండు వాలులూ పండగలా గడిచాయి. 'క్లియర్' అని ఊరుకోవాల్సినదాన్ని, "క్లియర్, రండన్నా, మోకాళ్ళు బిగబట్టొద్దు, వదులుగా పెట్టండి" అని వాగుతున్నాను. ఆయన పైనుంచి "వస్తన్నా చెల్లెమ్మా, కాసుకో!" అని కేకలు. కిందికి దిగి వచ్చాక నర్సక్క నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపును నేను చూడనట్టు నటించాను. ఉద్యోగంలో నేను చేసిన తప్పులన్నీ అట్లాంటి చూపు ఒకటి దాటాకే చేశాను, మీరు గుర్తుపెట్టుకోండి.

మూడో వాలు ఆకులు రాలిన చెట్ల మధ్య నుంచి కిందికి దిగి, ఒక అరుగులాంటి చోట ఆగుతుంది. ఆ అరుగుకు కుడివైపు లోయ, అందులో ఏడాదంతా పచ్చగా ఉండే పెద్ద చెట్లు. ఆ చెట్లంటే మాకు భయం. వాటి కొమ్మలు మంచును పైనే ఆపేస్తాయి, మొదలు చుట్టూ గుల్లగా గుంత ఉంటుంది, పైకి కనపడదు. అందులో తలకిందులుగా పడితే చుట్టూ ఉన్న మంచు మీద కూలి కప్పేస్తుంది. చేతులు కదలవు. ఊపిరి నిమిషాల లెక్క.

నేను అరుగు మీద ఆగి వెనక్కి తిరిగేసరికి లోయలోంచి పొగమంచు లేచింది. కళ్ళముందే చెట్లు ఒక్కొక్కటీ మాయమయ్యాయి. రెండు బారల అవతల ఏమీ కనపడటం లేదు. ఎవరినీ రానివ్వకూడదు, అది పోయేదాకా ఆగాలి. 'హోల్డ్' అంటే అయిపోయేది. రేడియో నొక్కి నేనన్నది ఇది:

"అన్నా, ఇక్కడ మంచు బాగా పట్టింది."

ఆయన ఏదో అన్నాడు, సగం ముక్కే వినపడింది. "సరే చెల్లెమ్మా" అన్నట్టు తోచింది. ఆగమన్నది అర్థమైంది కాబోలు అనుకున్నాను. ఊపిరి పీల్చినంత సేపు గడిచిందో లేదో, పైన ఎడమ పక్క నుంచి చెక్కలు మంచును కోసే చప్పుడు. ఎవరో వస్తున్నారు. "ఆగన్నా! ఆగు!" అని అరిచాను. ఆ చప్పుడు నా ముందు నుంచే దాటి కుడివైపుకు పోయింది. మనిషి నీడ కూడా కనపడలేదు. తర్వాత కొమ్మ విరిగిన శబ్దం, ఆ తర్వాత ఏమీ లేదు.

ఆ ఏమీ లేకపోవడం ఎట్లా ఉంటుందో నాకు రాయడం రాదు.

రేడియోలో నర్సక్కతో రెండే ముక్కలు చెప్పాను, ఒకరు లోయలోకి పోయారు, ఎవరినీ కదలనివ్వకు. మా అందరి ఛాతీకీ బీకన్ అనే చిన్న పెట్టె ఉంటుంది. మంచు కింద ఉన్నవాళ్ళ పెట్టె కూస్తుంటే, పైనున్నవాళ్ళ పెట్టె ఎంత దూరమో అంకెల్లో చూపిస్తుంది. నాది వెతికే వైపుకు తిప్పి, కళ్ళు ఆ అంకె మీద పెట్టుకుని నడుము లోతు మంచులో లోయ వైపు దిగాను. అంకె తగ్గింది, పెరిగింది, మళ్ళీ తగ్గింది. "అన్నా! ఓ అన్నా!" అని పిలుస్తూనే ఉన్నాను. నేను ప్రార్థన చేసే మనిషిని కాదు, మా అమ్మ చేస్తుంది. ఆ రోజు మా అమ్మ ప్రార్థన మొత్తం నోటికొచ్చింది.

ఒక పెద్ద చెట్టు మొదట్లో చెక్క కొస ఒకటి జానెడు పైకి లేచి ఉంది. మనిషి మొత్తం కిందే, తలకిందులుగా. పార తీసి పక్క నుంచి తవ్వడం మొదలుపెట్టాను. పైనుంచి తవ్వితే మంచు ఆయన మీదే పడుతుంది, పక్క నుంచే తవ్వాలి, తల ఎక్కడుంటుందో అంచనా వేసి అక్కడికే పోవాలి. నాన్న పునాది తీసేటప్పుడు పలుగు పట్టుకున్న తీరు ఎందుకో కళ్ళముందు కదిలింది. ముందు టోపీ దొరికింది, తర్వాత గడ్డం. నోట్లో కూరుకున్న మంచును వేళ్ళతో లాగేశాను. ముఖం నీలంగా ఉంది. చెంప మీద కొట్టాను, చెల్లెలి వరసకు తగనంత గట్టిగా కొట్టాను. దగ్గాడు.

భుజం కీలు తప్పింది, ఒళ్ళంతా వణుకుతోంది, కానీ ఊపిరి ఉంది. కాసేపటికి కళ్ళు నిలిపి నన్ను చూశాడు. ఏడుస్తాడేమో, తిడతాడేమో అనుకున్నాను. మిల్లులో కూలివాళ్ళను లెక్క అడిగినట్టు అడిగాడు.

"ఏందమ్మాయ్, నువ్వేగా మంచు బాగా పట్టిందన్నావు?"

అప్పుడు తెలిసింది నాకు.

మీకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు గానీ చెప్తాను. పేపర్లో పొగమంచు అని రాస్తారు. మన పల్నాడులో ఎవరూ అట్లా అనరు. తెల్లవారుజామున దారి కనపడకపోతే మంచు పట్టిందంటాం, బస్సు ఆలస్యమైతే మంచు బాగా పట్టిందంటాం. నాకు అదొక్కటే అర్థం. నేను పుట్టిన ఊళ్ళో ఆకాశం నుంచి రాలే మంచు లేదు కాబట్టి దానికి వేరే మాట అక్కర్లేకపోయింది. కానీ నేనా మాట అన్నది దారి కనపడని పొలం గట్టు మీద కాదు. ఆ దీవికి అంత దూరం నుంచి మంచు కోసమే వచ్చిన మనిషితో అన్నాను. కింద మంచు బాగా పేరుకుంది, రండి అని ఆయనకు వినపడింది. ఏ తెలుగువాడికైనా అక్కడ నిలబడితే అట్లాగే వినపడుతుంది. "సరే చెల్లెమ్మా, వస్తన్నా" అన్నాడట. ఆ 'వస్తన్నా' నాకు వినపడలేదు.

పాట్రోల్ వచ్చి ఆయన్ని స్ట్రెచర్ మీద దించింది. నర్సక్క ఆ పిల్లను వేరే దారిలో నడిపించి దించింది. ఆ పిల్ల అంబులెన్స్ ఎక్కేటప్పుడు నా వైపు చూడలేదు. నేనూ దగ్గరికి వెళ్ళే ధైర్యం చేయలేదు.

మర్నాడు ఆఫీసులో రిపోర్టు. అందులో ఒక ప్రశ్న: కస్టమర్ గైడ్ అనుమతి లేకుండా బయలుదేరాడా? అవును, కాదు అని రెండు గళ్ళు. టూర్ కంపెనీ ఆయన హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు.

"మేడం, మీరు క్లియర్ అన్లేదు కదా? అంటే పర్మిషన్ ఇవ్వలేదు. 'అవును'కి టిక్కు పెట్టండి, అయిపోద్ది. అబద్ధం కూడా కాదు."

"నేను హోల్డ్ కూడా అనలేదు," అన్నాను.

"అదెవరు అడిగారు మేడం? మీరన్నది అక్కడ ఎవరికి అర్థమైద్ది?"

నిజమే. ఆ కొండ మొత్తం మీద తెలుగు తెలిసినవాళ్ళం ముగ్గురమే. మూడోమనిషి, అంటే షావుకారు గారు, ఆస్పత్రి మంచం మీద భుజానికి కట్టు కట్టుకుని నాకోసమే ఎదురుచూస్తున్నాడు. కూతురు మందుల కోసం బయటికి వెళ్ళింది.

"ఎవరడిగినా నేనే తొందరపడ్డానని చెప్తాలే," అన్నాడు. "నువ్వేం భయపడమాక. మన ఊరి పిల్లవి, నీ ఉద్యోగం పోతే నాకేం సుఖం?"

మంచి మనసుతోనే అన్నాడు. ఆ మాట ఇప్పటికీ ఒప్పుకుంటాను. కానీ నాకు ఒళ్ళు మండింది. మొదటిరోజు ఆయన ఆగిన ఆ ఒక్క క్షణం గుర్తొచ్చింది. పెద్దింటివాళ్ళు పండక్కి మా వాకిట్లో పాత చీర పెట్టి పోవడం గుర్తొచ్చింది. దయగా ఇచ్చిన చీర కట్టుకున్నాం సరే, దయగా ఇచ్చిన అబద్ధం కూడా కట్టుకోవాలా? కార్డు నా చెమటతో వచ్చింది. పోతే నా నోటితోనే పోవాలి, ఇంకొకరి చలవతో నిలబడకూడదు.

"తప్పు నాదన్నా," అన్నాను. "నా తప్పు మీరు మోయొద్దు."

"నేను వద్దంటున్నా నెత్తినేసుకుంటావేందే? పొగరు కాకపోతే!" అని కసిరాడు.

పొగరే. కాదని ఎవరన్నారు?

పెద్దాయన ముందు కూర్చున్నప్పుడు గళ్ళు రెండూ ఖాళీగా వదిలేసి కాగితం వెనక జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. చదివాడు. నేనన్న మాటను తెలుగులోనే ఒకసారి అనమన్నాడు. అన్నాను. అర్థం చెప్పమన్నాడు. రెండు అర్థాలూ చెప్పాను. రెండూ కింద కింద రాసుకున్నాడు.

"నువ్వు అనుకున్నది ఏది?"

"పైది. దారి కనపడటం లేదని."

"అన్నది ఏది?"

"రెండూ," అన్నాను.

కలం పక్కన పెట్టాడు. నర్సక్క గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడ రిపోర్టు అప్పటికే ఆయన బల్ల మీద ఉంది. 'క్లియర్' అన్న మాట వినకుండా ఒకరిని వెళ్ళనిచ్చాను అని ఒకే ఒక్క వాక్యం. పెద్దాయన నా మెడలోంచి కార్డు తీసి బల్ల సొరుగులో పెట్టాడు. మిగిలిన చలికాలం లిఫ్టు మెట్ల మీద మంచు ఊడ్చే పని. మళ్ళీ గైడ్ కావాలంటే వచ్చే ఏడాది మొదటిసారి వచ్చినవాళ్ళతో కలిసి పరీక్ష రాయాలి. నర్సక్కకు ఒక నెల కొండ మీదికి వెళ్ళకుండా నిషేధం. నా నోటి తొందరకు ఆవిడకు శిక్ష పడటం నాకు గుచ్చుకుంది. క్షమించమని అడిగితే తల ఊపి వెళ్ళిపోయింది.

ఊడ్చాను. నాకింద పనిచేసినవాళ్ళు నేను ఊడ్చిన మెట్ల మీదుగా పైకెక్కి పోయారు. తల దించుకుంటానని ఎవరైనా ఎదురుచూసి ఉంటే, వాళ్ళు ఇంకా ఎదురుచూస్తూనే ఉండాలి.

ఎండాకాలం ఊరికొచ్చేసరికి ఇక్కడ కథ మారిపోయి ఉంది. షావుకారు గారు భుజం బాగై, పేటంతా తిరిగి చెప్పాడు. ఆయన కథలో ఆయన తొందరపడ్డాడు, నేను దేవతలా వచ్చి తవ్వి తీశాను. నేను చదివిన కాలేజీలో నాకు సన్మానం పెట్టించాడు. గేటు దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ, దాని మీద నా ముఖం, వెనక ఎవరివో కొండలు, 'మండుటెండల పల్నాడు నుంచి మంచు శిఖరాలకు' అని అక్షరాలు. అమ్మ ముందు వరసలో కూర్చుంది. షావుకారు గారు, ఆయన కూతురు ఆమె పక్కనే కూర్చున్నారు. అది చూసి ఒక్క నిమిషం మెత్తబడ్డాను. ఏమీ అనకుండా శాలువా కప్పించుకుని దిగిపోదామా అనిపించింది.

మైకు ఇచ్చారు. "ఈ అన్నను గుంతలోంచి తీసింది నేనే. పడేసింది కూడా నేనే," అన్నాను.

సభ నడిపే లెక్చరర్ వెంటనే తన మైకు అందుకుని, "చూశారా, ఎంత ఎదిగినా ఎంత వినయమో!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

"వినయం కాదు సార్," అన్నాను. "నాకది లేదని మా ఊళ్ళో అందరికీ తెలుసు." అని, జరిగింది మొత్తం చెప్పాను. మంచు బాగా పట్టింది అన్న మాట చెప్పినప్పుడు వెనక వరసల్లో కొందరు నవ్వారు, ఆ తర్వాత అర్థమై ఊరుకున్నారు. షావుకారు గారు నేల చూపులు చూస్తున్నాడు. చెప్పడం అయిపోయింది, నిజం చెప్పేశానన్న ధీమాతో నిలబడి ఉన్నాను. అప్పుడు ఆయన కూతురు లేచింది.

"అత్తా, ఆ మాట నాక్కూడా వినపడింది," అంది. "నాన్న బయల్దేరగానే నేనూ బయల్దేరా. పైన మాతో ఉన్న ఆ జపాన్ ఆవిడ వెనక నుంచి నా బ్యాగు పట్టుకుని లాగి కింద పడేసి, మీద కూర్చుంది. నేను తిడతన్నా, గిల్లుతన్నా లేవలా. లేకపోతే లోయలో ఇద్దరం ఉండేవాళ్ళం. మీకు తెలీదా?"

నాకు తెలియదు.

లోయలో నేనొక్కదాన్నే, పార ఒక్కటే. ఒకరిని తవ్వేసరికి రెండో మనిషికి టైం అయిపోయేది. ఇంత పెద్ద సంగతి నాకు తెలియకుండా, నాలుగు నెలలుగా నిజమంతా నేనొక్కదాన్నే మోస్తున్నానని ఛాతీ విరుచుకుని తిరిగాను. మైకు పెట్టేశాను. శాలువా మడిచి కుర్చీ మీద పెట్టి దిగి వచ్చి ఆ పిల్లను పట్టుకున్నాను. ఇద్దరం ఏడ్చాం, అందరూ చూస్తుండగానే.

ఆ చలికాలం మళ్ళీ వెళ్ళాను. వద్దన్నవాళ్ళు చాలామంది. ఇరవై ఏళ్ళవాళ్ళతో కలిసి మొదటి పాఠం నుంచి కూర్చున్నాను, కార్డు తిరిగి తెచ్చుకున్నాను, మోకాళ్ళు రెండూ మొరాయించేదాకా ఇంకో ఐదేళ్ళు చేశాను. అయితే దిగిన మొదటిరోజు పరీక్ష సంగతి కూడా కనుక్కోకుండా నర్సక్క ఎక్కడుందని వెతికాను. బూట్లు ఆరబెట్టే గదిలో కూర్చుని చెక్కలకు మైనం రాస్తోంది.

"ఆ అమ్మాయిని ఆపానని ఎందుకు చెప్పలేదు? రిపోర్టులో ఎందుకు రాయలేదు? రాస్తే నీకు శిక్షే పడేది కాదు కదా!" అన్నాను. దాదాపు దెబ్బలాడాను.

ఆవిడ చెయ్యి ఆపలేదు. "నువ్వు నీ తప్పు రాశావు," అంది. "నేను నా తప్పు రాశాను, ఒకరిని వదిలేశానని. రెండో మనిషిని ఆపడం నా పని. పని చేశానని ఎవరైనా రాస్తారా?"

ఆవిడ రాయలేదు, అందుకే నేను రాస్తున్నాను. ఆవిడకు తెలుగు రాదు. ఎవరైనా చదివి వినిపిస్తే ఒప్పుకోదు. ఒప్పుకోకపోయినా రాస్తాను.